ఖలాస్ అనే రాయి

పని మొదలుపెట్టినవాళ్ళ గురించి చరిత్ర చాలా రాసుకుంది. నిప్పు రాజేసినవాడికి, చక్రం దొర్లించినవాడికి, మొదటి గింజ నాటినవాడికి తలా ఒక అధ్యాయం దక్కింది. పని ఆపినవాడికి మాత్రం ఒక్క పేరా కూడా దక్కలేదు. మొదలుపెట్టిన ప్రతి పనినీ ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట ఆపే ఉంటాడు కదా, వాడి సంగతేమిటి అని అడిగిన పండితుడు ఇంతవరకూ లేడు. ఇంతటి లోటును తీర్చే భారం చివరికి జగిత్యాల జిల్లా నుంచి దుబాయ్ వచ్చిన లింబాద్రి మీద పడింది.

"ఖలాస్" అన్న మాట వినగానే పని ఆపడంలో లింబాద్రికి సాటి వచ్చేవాడు దుబాయ్‌కి కాస్త అవతలున్న ఉమ్ అల్ క్వైన్ లేబర్ క్యాంపులో లేడు. ఆ దేశంలో ఖలాస్ అంటే అయిపోయిందని అర్థం. కూర అయిపోయినా ఖలాస్, వీసా అయిపోయినా ఖలాస్, మనిషి పోయినా ఖలాస్. మిగతా కూలీలు ఆ మాట విన్నాక చేతిలో ఉన్న పారెడు మట్టి ఎత్తిపోసి, నడుం నిమురుకుని, అప్పుడు ఆపేవారు. లింబాద్రి పద్ధతి వేరు. పార గాలిలో ఉంటే గాలిలోనే ఆగిపోయేది. మట్టి తట్టలో పడాలా వద్దా అన్నది మట్టి ఇష్టం.

ఇది సోమరితనం అనుకుంటే పొరపాటు. అతను చాలా ఏళ్ళు కొండల దగ్గర ఒక రాళ్ళ క్రషర్‌లో పనిచేశాడు. ఆ హోరులో మనిషి గొంతు వినిపించడమే గగనం. బెల్టు ఆపేముందు ఫోర్‌మన్ ఖలాస్ అని అరిచేవాడు. ఇంకొక్క పార వేద్దామనుకున్న ఒకతనికి రెండు వేళ్ళు పోయాయి. అది చూసిన రోజు నుంచి లింబాద్రి చెవికీ చేతికీ మధ్య మెదడు జోక్యం లేకుండా పోయింది.

పేరులోనే గుట్ట ఉన్న మనిషి అతను. లింబాద్రి గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. అలాంటివాడు కొండల్ని పిండి చేసే కంపెనీలో చేరడం కొండలు క్షమించలేదు కాబోలు, ఆ పిండి అతని ఊపిరితిత్తుల్లో చేరింది. క్లినిక్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. క్రషర్‌లో పనిచేసేవాడికి ఇచ్చిన ఈ సలహా, చేపకు నీళ్ళకు దూరంగా ఉండమన్నంత ఆచరణయోగ్యం.

అలాంటి సమయంలో, రెండువేల ఇరవై రెండు నవంబరులో, ఆల్ప్స్ పర్వతాలు దిగివచ్చి లింబాద్రిని ఆదుకున్నాయి.

ఆస్ట్రియా దేశపు ఒక విశ్వవిద్యాలయం నుంచి భూగర్భశాస్త్రమూ పురావస్తుశాస్త్రమూ రెండూ చదివిన డాక్టర్ హెడ్విగ్ అనే ఆవిడ, ఆ ఎడారి దేశపు హజర్ కొండల్లో తవ్వకానికి వచ్చింది. కూలీలు కావాలని సప్లై కంపెనీని అడిగింది. కంపెనీ క్రషర్‌ను అడిగింది. క్రషర్ ఫోర్‌మన్ తన దగ్గర ఎక్కువగా దగ్గేవాళ్ళను ఏరి, శాస్త్రానికి దానం చేశాడు.

హెడ్విగ్ అన్న పేరు మనవాళ్ళ నోట్లో ఒక్క పూటలో హెడ్డమ్మ అయింది. హెడ్డు కూడా ఆవిడే కాబట్టి ఎవరికీ అభ్యంతరం రాలేదు. ఆవిడ ఇరవై ఏళ్ళు ఆల్ప్స్‌లో మంచు తవ్వి, రాళ్ళు తవ్వి, కొండచరియల కింద పూర్వకాలపు గొర్రెల కాపరులు తలదాచుకున్న చోట్లు వెతికిన మనిషి. అక్కడ ఒక సంగతి గమనించింది. చరియ కప్పు నుంచి ఊడిపడిన రాళ్ళ కుప్ప కింద, కాపరుల నివాసం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆల్ప్స్‌లో ఉన్నప్పుడు హజర్‌లో ఎందుకుండదు? రెండు కొండలూ ఒకే పాత సముద్రం అడుగు నుంచి లేచినవే కదా. ఇదీ ఆవిడ సిద్ధాంతం. విశ్వవిద్యాలయంలో దీన్ని నమ్మినవాళ్ళు తక్కువ. ఒక్క చలికాలం తవ్వుకో, ఏమీ దొరక్కపోతే వచ్చెయ్ అన్నారు.

ఈ సముద్రం కథను కూలీలకు తెలుగులో వినిపించినవాడు చాంద్ బాషా. రాయచోటి మనిషి. హెడ్డమ్మ పికప్‌కు డ్రైవరు, మధ్యాహ్నం భోజనానికి వంటవాడు, మిగతా వేళల్లో విమర్శకుడు.

"ఈ కొండలూ, ఆమె కొండలూ ఒకే తల్లి బిడ్డలంటబ్బా," అన్నాడు మొదటిరోజే. "మన రాయచోటి గుట్టలు ఆ వంశం కాదా అని అడిగినా. కాదంట. అయి ఇంకా ముసిలివంట. పోనీలే, వయసులో పెద్దవి, ఆ గౌరవమన్నా దక్కింది."

ఇక అసలు విషయానికి వద్దాం. కప్పు నుంచి ఊడిపడిన పదునైన అంచుల రాతిముక్కను శాస్త్రంలో క్లాస్ట్ అంటారు. హెడ్డమ్మ దృష్టిలో ప్రతి క్లాస్టూ ఒక సాక్షి. అది ఎటు తలపెట్టి పడింది, ఎంత వాలుగా పడింది అన్నది కొలిస్తే కప్పు కూలిన కథంతా తెలుస్తుంది. కాబట్టి రాయి బయటపడగానే తవ్వకం ఆగాలి. ఈ ముక్క కూలీలకు చెప్పించాలని ఆవిడ అనుకుంది గానీ, ఆ రోజు బాషా బిర్యానీ బియ్యం కోసం ఊళ్ళోకి వెళ్ళాడు.

ఆవిడ గుంత అంచున గొంతుక్కూర్చుని, లింబాద్రి పార కింద తేలిన రాతిముక్కకు వేలు చూపించి, "క్లాస్ట్!" అంది. మాటలోని చివరి అక్షరాన్ని లోయ గాలి ఎత్తుకుపోయింది. మిగిలింది లింబాద్రి చెవిన పడింది. పార గాలిలో ఆగిపోయింది.

ఇంత పొద్దున్నే ఖలాసా అని అతను ఆశ్చర్యపడ్డాడు. కానీ ఆజ్ఞ ఆజ్ఞే. పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆవిడ గుంతలోకి దిగి, దిక్సూచి పెట్టి, టేపు పెట్టి, ఫొటో తీసి, రాయికి నంబరు అంటించి, పైకెక్కింది. తర్వాత తనకు తెలిసిన అరబ్బీ మాట ఒకటి వాడింది. "యల్లా."

లింబాద్రి లేచాడు. నాలుగు పారలు వేశాడు. ఇంకో రాయి తేలింది. మళ్ళీ ఖలాస్. మళ్ళీ యల్లా.

పక్క గుంతలో పెషావర్ నుంచి వచ్చిన అమీర్ జాన్ తవ్వుతున్నాడు. ఆజానుబాహువు. ఆవిడ క్లాస్ట్ అన్నప్పుడల్లా అతను ఆ రాయిని గడ్డపారతో రెండు చేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశాడు. సాయంత్రానికి అమీర్ జాన్‌కు మట్టి బండి తోసే పని పడింది. లింబాద్రి చేతికి పార బదులు ఒక చిన్న తాపీ, మెత్తటి బ్రష్షు వచ్చాయి. ఆ క్షణం నుంచి అతను తాపీతోనూ, తాపీగానూ పనిచేయసాగాడు.

ఇంటికి ఫోన్ చేసి భార్య కరుణకు ఈ కొత్త కొలువు సంగతి చెప్పాడు.

"గంటకు పదిసార్లు ఖలాస్ అంటదే. కూసుంట. మల్ల యల్లా అంటది, లేస్త."

"కూసుండవెట్టి పైసలెవలిస్తరయ్యా? నన్ను పిస్సదాన్ని జేస్తున్నవా?"

"నీ మీదొట్టు. ఆళ్ళ దేశంల కూలోళ్ళ కానూన్ గట్లుంటదేమో."

కరుణ మాట మార్చింది. "దగ్గెట్లున్నది?"

"తక్కువైంది. నిద్ర వడుతున్నది."

"అట్లయితె ఆమె ఎన్నిసార్లంటె అన్నిసార్లు కూసో. మల్ల ఆ క్రషర్ కాడికి మాత్రం పోకు. పోయినవంటె నేనే అచ్చి గుంజుకపోత, ఎర్కేనా."

క్రషర్‌కు పోకుండా ఉండటం తన చేతుల్లో లేదని అతను చెప్పలేదు. అది రాళ్ళ కింద ఉన్నదాని చేతుల్లో ఉంది. రాళ్ళ కింద మళ్ళీ రాళ్ళే ఉన్నాయి.

డిసెంబరంతా రాళ్ళు. జనవరిలో నాణ్యమైన రాళ్ళు. ఫిబ్రవరిలో హెడ్డమ్మ నవ్వడం మానేసింది. రంజాన్ మొదలయ్యేలోపు తవ్వకం ముగించాలన్నది ముందే అనుకున్న మాట. సప్లై కంపెనీ సూపర్‌వైజర్ అయూబ్ వచ్చి తేల్చి చెప్పేశాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, తనను ముదీర్, అంటే మేనేజర్, అని పిలిస్తే సంతోషించేవాడు.

"తవ్వుడు అయిపోంగనే మీరంత వాపస్ క్రషర్‌కే. ఫోర్‌మన్ రోజు ఫోన్ జేస్తుండు, నా మనుషులేరీ అని."

"దగ్గెటోళ్ళు అద్దనే కద సార్ పంపిండు?" అన్నాడు లింబాద్రి.

"దగ్గు తగ్గింది కద, ఇప్పుడు కావాలంటుండు."

సెలవు రోజున తోటివాళ్ళతో షార్జాలోని రోలా బజారుకు వెళ్ళినా లింబాద్రికి ఏ దుకాణం ముందూ కాలు నిలవలేదు. వాళ్ళు చొక్కాలు బేరమాడుతుంటే తను ఊరికే గట్టిగా ఊపిరి తీసి వదులుతూ నిలబడ్డాడు, ఇంకెన్నాళ్ళు ఇలా తీసుకోగలనో చూసుకుంటున్నట్టు.

సీజను చివరి వారంలో ఒకరోజు చాంద్ బాషా పికప్ నడుపుతూ రోడ్డు మధ్యలో బ్రేకు వేశాడు. పక్కన కూర్చున్న హెడ్డమ్మ అన్న మాట అలాంటిది. దొరికినా దొరకకపోయినా లింబాద్రిని మరిచిపోలేనంది. క్లాస్ట్ అనగానే చెయ్యి ఆపేసే అలాంటి క్రమశిక్షణ గల మనిషిని ఆల్ప్స్‌లో కూడా చూడలేదంది. మేడం గంటకు పదిసార్లు ఖలాస్ అంటుందని లింబాద్రి చెప్పే మాటకు బాషాకు అప్పుడు లెక్క తేలింది. బండి దిగి, టైరు చూసే వంకన వెనక్కి వెళ్ళి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి వచ్చాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ విషయం బయటపెట్టాడు.

"లింబాద్రీ, ఆమె ఖలాస్ అనడం లేదు నాయనా. క్లాస్ట్ అంటాండాది. క్లాస్టంటే రాయి!"

లింబాద్రి చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది. "రాయా?"

"రాయే. రాయి సూపిచ్చి రాయి అంటాంటే, నువ్వు పోయి నీడన కూచుంటాండావు."

"అంటే, ఇన్నొద్దులు నన్నెవలు ఆపుమనలేదా?"

"ఒక్కరూ అన్లా. నీ అంతట నువ్వే పెన్షన్ తీసుకున్యావు."

అమీర్ జాన్‌కు హిందీలో చెబితే అతను గట్టిగా నవ్వి లింబాద్రి వీపు మీద చరిచాడు. ఆ దెబ్బకు క్రషర్ నాటి దుమ్ము కొంత రాలి ఉంటుంది. లింబాద్రి మాత్రం నవ్వలేదు. పని ఎగ్గొట్టాడన్న మాట జన్మలో పడనివాడు, ఒక చలికాలమంతా అధికారికంగా కూర్చున్నాడు.

"ఇగ సూడు బాషా భాయ్," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "ఖలాసో క్లాస్టో, ఆ మాట ఎవలన్నా సరే, అది రాయే. ఇగ ఆపితె నన్ను లింబాద్రి అనకు."

మానవ చరిత్రలో ఒక అలవాటు ఇంత వేగంగా తలకిందులైన సందర్భం ఇంకొకటి దొరకడం కష్టం.

చివరి రోజు వచ్చింది. గుంతలో అన్ని రాళ్ళూ తీసేశారు, ఒక్కటి తప్ప. మూలన సన్నికల్లుకు అన్నలా ఉన్న పెద్ద పలక. దానికి నంబరు వేశారు, కొలతలయ్యాయి, ఫొటోలయ్యాయి. దాన్ని ఎత్తడానికి ఇంకో పూట కావాలి, ఆ పూట హెడ్డమ్మ దగ్గర లేదు. ఆవిడ గుడారంలో కూర్చుని మట్టి నమూనాల డబ్బాలు సర్దుతోంది. ఆవిడ సర్దుతున్నది డబ్బాలే అయినా, ముఖం చూస్తే ఇరవై ఏళ్ళ ఉద్యోగం సర్దుతున్నట్టుంది.

లింబాద్రి చరియ కింద, ముక్కుకు మాస్కు, చెవులకు అడ్డంగా తువ్వాల కట్టుకుని, ఆఖరి ఫొటో కోసం గుంత ఊడుస్తున్నాడు. అమీర్ జాన్ బండితో పక్కనే ఉన్నాడు. పైన రోడ్డు మీద బస్సు ఆగింది. కూలీలను తీసుకెళ్ళడానికి అయూబ్ వచ్చాడు. కొండ దిగే ఓపిక లేక పైనుంచే అరిచాడు.

"అరే లింబాద్రీ! ఖలాస్!"

లింబాద్రి తలెత్తలేదు. చుట్టూ చూశాడు. మిగిలిన రాయి ఒక్కటే. మేడం అయూబ్ చేత చెప్పిస్తోందన్నమాట.

"గీ పెద్దదా సార్?" అని అరిచాడు.

పైన గాలి హోరులో అయూబ్‌కు ఏమీ వినిపించలేదు. వినిపించనప్పుడు ముదీర్లు చేసేదే చేశాడు. ఇంకా గట్టిగా అరిచాడు.

"ఖలాస్ అంటున్న గదా! పూరా ఖలాస్! సమజైతలేదా? జల్దీ!"

"పూరా అంటుండు," అన్నాడు లింబాద్రి అమీర్ జాన్‌తో. "మొత్తం రాయి లేపాల్నట. గడ్డపార తే."

నాలుగు నెలలుగా గడ్డపార అనే మాట కోసం ఎదురుచూస్తున్న అమీర్ జాన్ రెండుసార్లు చెప్పించుకోలేదు. ఇద్దరూ పలక అంచున గడ్డపార మోపి బరువు వేశారు. రాయి కదిలింది. మూలిగింది. ఒక పక్కకు ఒరిగి, గోడకు ఆని నిలబడింది.

కింద మట్టి నల్లగా ఉంది.

లింబాద్రి బ్రష్షుతో ఒక్కసారి తుడిచాడు. బూడిద. ఇంకోసారి తుడిచాడు. పొగచూరిన రాళ్ళు, గుండ్రంగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య చేప ముళ్ళు, ఖర్జూరం గింజలు, నల్లబడిన ఎముకలు. పక్కన, చుక్క చుట్టూ సున్నాలు చెక్కిన రాతి గిన్నె, ఎవరో ఇప్పుడే బోర్లించి వెళ్ళినట్టు.

"మేడం!" అని అరిచాడు. తర్వాత తనకు తెలిసిన ఒకే ఒక్క శాస్త్రపదం వాడాడు. "క్లాస్ట్! క్లాస్ట్ కింద!"

హెడ్డమ్మ గుడారంలోంచి పరుగెత్తుకొచ్చింది. వాలులో జారింది. టోపీ ఒకవైపు, కళ్ళజోడు ఒకవైపు పోయాయి. మోకాళ్ళ మీద గుంతలోకి దిగి, బూడిదకు జానెడు ఎత్తులో అరచేయి ఆపి, ముట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. పైన అయూబ్ ఇంకా ఖలాస్ ఖలాస్ అంటూనే ఉన్నాడు.

తర్వాత ఆవిడ లేచి నిలబడి, తల వెనక్కి వంచి, ఒక కూత పెట్టింది. ఆల్ప్స్‌లో కాపరులు ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పిలుచుకునే కూత. గొంతు కిందికీ మీదికీ దూకుతూ లోయంతా తిరిగింది. ఎదుటి కొండ దాన్ని పట్టుకుని తిరిగి పంపింది. వాగులో మేస్తున్న మేకలు నోట్లో ఆకులతో తలలెత్తాయి. సాంబారులో గరిటె వదిలేసి బాషా పరుగెత్తుకొచ్చాడు.

"ఏమాయరా ఆమెకు? తేలు గీలు కుట్టిందా?"

"పొయ్యి దొరికింది భాయ్," అన్నాడు లింబాద్రి.

"పొయ్యా? నేను దినామూ ముట్టిస్తాండా గదా, దానికెవరూ ఇట్ల కూత పెట్టలేదే!"

కాస్త తేరుకున్నాక హెడ్డమ్మ బాషాను పిలిచింది. అసలు ఆ రాయి ఎత్తాలని లింబాద్రికి ఎలా తోచిందో అడగమంది.

"నువ్వే జెప్పిపిచ్చినవ్ గద మేడం," అన్నాడు లింబాద్రి. "అయూబ్ సార్ తోని. పూరా క్లాస్ట్ అని."

బాషా ఒకసారి లింబాద్రి ముఖం చూశాడు. ఒకసారి రోడ్డు మీది బస్సును చూశాడు. గొంతు సవరించుకుని అనువదించాడు.

"కొండ తనను పిలిచిందంటున్నాడు మేడం."

ఆల్ప్స్‌లో పుట్టినవాళ్ళకు కొండలు పిలవడం కొత్త కాదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, లింబాద్రి మసి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. తన భాషలో ఏదో చెబుతూ ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. తనను ఏమని పొగుడుతోందో తెలియక, పొగడ్త అని మాత్రం తెలిసి, లింబాద్రి తల వంచుకుని నిలబడ్డాడు.

సాయంత్రానికి ఫొటోలు ఆవిడ విశ్వవిద్యాలయం ఉన్న ఇన్స్‌బ్రుక్ వైపు వెళ్ళాయి. మూడో నాటికి జవాబు వచ్చింది. ఆవిడ సిద్ధాంతాన్ని తాము మొదటి నుంచీ నమ్ముతున్నామని అందరూ రాశారు. ఇంకో మూడు చలికాలాల తవ్వకానికి అనుమతి వచ్చింది. హెడ్డమ్మ సప్లై కంపెనీకి ఒకే షరతు పెట్టింది. మనుషులు ఎవరైనా ఫరవాలేదు, లింబాద్రి మాత్రం పేరు పెట్టి కావాలి. చలికాలం ఇక్కడ, ఎండాకాలం షార్జాలోని ఏసీ స్టోర్‌లో దొరికిన వస్తువులు కడిగే పని. క్రషర్ ఫోర్‌మన్ ఫోన్ చేసి గొడవపడితే, అయూబే అతన్ని గద్దించాడు.

"నక్కో భాయ్, లింబాద్రిని ఇయ్య. ఆ పొయ్యి నేను ఒర్లితెనే దొరికింది. పైనుంచి గైడెన్స్ ఇచ్చింది నేను."

ఇది అక్షరాలా నిజం కాబట్టి ఎవరూ ఖండించలేకపోయారు.

ఆ రాత్రి క్యాంపు డాబా మీద నిలబడి లింబాద్రి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం దొరికిందయ్యా, బంగారమా?" అంది కరుణ.

"పొయ్యే."

"దుబాయ్ల పొయ్యి దొరికితె గంత సంబురమా?"

"మామూలు పొయ్యి కాదే. నాలుగు వేల ఏండ్లదట."

"ఎవలో గని బూడిద ఎత్తకుంట పోయిండ్రు. ఆ ఇంటామెకు అత్త లేదు గావచ్చు." నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మరి క్రషర్?"

లింబాద్రి నిండుగా ఊపిరి తీసుకున్నాడు. దగ్గు రాలేదు.

"క్రషర్ ఖలాస్," అన్నాడు.

అవతల కరుణ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అయి ఉండవచ్చు. తర్వాత కరుణ ఆ మాట ఇరుగుపొరుగుకు, చెల్లెలికి, కిరాణా కొట్టు ఆమెకు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. తన మొగుడు దుబాయ్‌లో తవ్వితే కొండ పలికిందని ఊళ్ళో స్థిరపడిపోయింది.

క్యాంపులో బాషా అందరికీ మటన్ బిర్యానీ వండాడు. అమీర్ జాన్ గడ్డపారకు పూలదండ వేశాడు. లింబాద్రికి హెడ్డమ్మ కొత్త తాపీ ఇచ్చి, విశ్వవిద్యాలయం గుర్తు ఉన్న టోపీ తన చేత్తో తలమీద పెట్టింది. గ్రూప్ ఫొటోలో అతన్ని మధ్యలో నిలబెట్టారు. కొండచరియలో మొదటి నివాస స్థలాన్ని వెలికితీసిన బృందంలో అతనికి తవ్వకపు సహాయకుడని కొత్త ఉద్యోగం పేరు కూడా ఖాయమైంది.

ఆ ఉద్యోగంలో మొదటి పని మర్నాడు పొద్దున్నే మొదలైంది. గిన్నె, బూడిద నమూనాలు పెట్టెల్లోకి ఎక్కించాక, వచ్చే చలికాలం దాకా ఎండకూ మేకలకూ పొయ్యి పాడవకుండా, నవంబరు నుంచి తవ్విన మట్టినంతా తిరిగి అదే గుంతలో పోశారు.